తిరుపతి మిద్దె ఇంట్లో ఎనిమిది ఎండాకాలాలు: కప్పు పూతలు, కూలింగ్ టైల్స్, ఏఏసీ గోడల సమీక్ష

ముందు ఇంటి సంగతి. తిరుచానూరు రోడ్డు వైపు, తూర్పు ముఖం, కింద ఒక అంతస్తు, పైన ఒకటి. కింద 9 అంగుళాల ఎర్ర ఇటుక, పైన 8 అంగుళాల ఏఏసీ బ్లాకులు (లోపల గాలి బుడగలుండే తేలికపాటి సిమెంటు దిమ్మెలు), స్లాబ్ 5 అంగుళాలు. వెయ్యి చదరపు అడుగుల మిద్దెను మూడు భాగాలు చేసి ఒకచోట తెల్లపూత, ఒకచోట కూలింగ్ టైల్స్ (ఎండను వెనక్కి కొట్టే తెల్ల టైళ్లు), నైరుతి పడకగది పైన మాత్రం 50 మిల్లీమీటర్ల ఎక్స్‌పీఎస్ బోర్డు (వేడిని ఆపే గట్టి నురగ పలక) వేశాం. 2018 నుంచి 2025 దాకా ఇలాగే వాడాం. ఒకే ఎండ, ఒకే స్లాబ్ కాబట్టి ఏది ఏపాటిదో పక్కపక్కనే తెలిసిపోయింది.

ఇల్లు కట్టేటప్పుడు అందరూ మాట్లాడేది గోడ గురించే. ఎర్ర ఇటుకా, సిమెంటు ఇటుకా, ఏఏసీనా అని నెలరోజులు తర్జనభర్జన పడతారు. కప్పు దగ్గరికొచ్చేసరికి మేస్త్రీ ఎలా చెబితే అలా. తిరుపతిలో ఇది తలకిందుల లెక్క. ఈ ఊరు 13.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఏప్రిల్ చివర్లో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, మళ్లీ ఆగస్టు మధ్యలో అక్కడికే వస్తాడు. మధ్యలో, అంటే కత్తిరి, రోహిణి కార్తె రోజుల్లో, కొంచెం ఉత్తరానికి జరుగుతాడు. కాబట్టి మే నెలలో దక్షిణపు గోడకు నేరుగా ఎండ తగలదు. ఉదయం తొమ్మిది నుంచి నాలుగింటిదాకా ఎండంతా మిద్దె మీదే. దక్షిణం కిటికీలోంచి ఎండ లోపలికి వచ్చేది డిసెంబరులో, అప్పుడు దాన్నెవరూ వద్దనరు. వేసవిలో చూసుకోవాల్సింది మొదట కప్పు, తర్వాత పడమటి గోడ.

ఇంకో విషయం, వేడి వెంటనే లోపలికి రాదు. 5 అంగుళాల కాంక్రీటును దాటడానికి మూడు, నాలుగు గంటలు పడుతుంది. పైన ఒంటిగంటకు కాలితే, కింద సాయంత్రం ఐదుకు సెగ మొదలవుతుంది. రాత్రి పది దాటినా చెయ్యి పైకెత్తితే కప్పు నుంచి వేడి తగులుతూనే ఉంటుంది. ఫ్యాన్ పెంచితే ఆ వేడిగాలినే కిందికి నెడుతుంది.

తెల్లపూత. మొదటి రెండేళ్లు సున్నమే. వెయ్యి చదరపు అడుగులకు రెండు పూతలు వేయాలంటే సుమారు 25 కిలోల సున్నం, కిలోకు 5 లీటర్ల లెక్కన నీళ్లు, పట్టు కోసం 5 కిలోల తెల్లసిమెంటు, లీటరున్నర జిగురు. సున్నం ముందురోజే నానబెట్టి గుడ్డతో వడకట్టాలి. అందరూ చేసే తప్పు ఎండలో వేయడం. కాలే స్లాబ్ నీళ్లను క్షణంలో లాగేస్తుంది, సున్నం గట్టిపడకముందే ఆరిపోతుంది, వారానికి పొడిగా రాలుతుంది, నడిస్తే కాళ్లన్నీ తెల్లబడతాయి. స్లాబ్ కడిగి, తడిపి, పొద్దు వాలాక పలుచగా ఒక పూత, మర్నాడు సాయంత్రం రెండోది వేస్తే ఆ వేసవంతా నిలుస్తుంది. కానీ అక్టోబరు, నవంబరు వానల్లో చాలావరకు కొట్టుకుపోతుంది. వాననీటి గొట్టం సంపులోకి కలిపి ఉంటే, మొదటి వానల నీళ్లు బయటికి వదిలేయాలి. అద్దె ఇల్లయితే, చేతిలో డబ్బు లేకపోతే, దీనికి మించిన పని లేదు. ఖర్చుకు తగ్గ ఫలితం చూస్తే నా లెక్కలో మొదటి స్థానం దీనిదే.

2020లో దాన్ని ఆపి డబ్బాల్లో వచ్చే తెల్లటి రూఫ్ కోటింగ్ వేశాం. 20 లీటర్ల డబ్బాలు రెండైతే వెయ్యి అడుగులకు రెండు పూతలు సరిపోతాయి. పల్చన చేసి ఒక డబ్బాతో లాగించాలని పెయింటర్ చూస్తాడు, దగ్గరుండి చూసుకోవాలి. దీనికి ప్రాణం పొడి స్లాబ్. మన దగ్గర నవంబరు వాన స్లాబ్‌లో వారాల తరబడి ఉండిపోతుంది. పైకి ఆరినట్టే కనిపిస్తుంది, పూత వేశాక మార్చిలో తడి ఆవిరై పూతను పొక్కులుగా లేపుతుంది. వేయబోయే ముందు రెండడుగుల ప్లాస్టిక్ షీటు పరిచి నాలుగంచులా టేపు అంటించి ఒక రాత్రి ఉంచండి. పొద్దున లోపలివైపు నీటిచుక్కలు కనిపిస్తే ఇంకో రెండు వారాలు ఆగాల్సిందే. ఫిబ్రవరి సరైన నెల.

కొత్త తెల్లపూత ఎండలో ఇంచుమించు 80 శాతం వెనక్కి కొడుతుంది, ఉత్త సిమెంటు 30, 35 దగ్గరే ఆగిపోతుంది. కానీ దుమ్ము పట్టాక ఆ 80 కాస్తా 60 దగ్గరికి జారుతుంది. మార్చి మొదట్లో ఒకసారి, మే మొదట్లో ఒకసారి మెత్తటి చీపురుతో కడిగితే చాలు. కడిగిన రోజు సాయంత్రం గదిలో తేడా తెలుస్తుంది. నాలుగో ఏడు మళ్లీ ఒక పూత వేయాల్సి వచ్చింది. 2021 నవంబరులో తిరుపతి మునిగినంత పని చేసిన వానలకు కూడా పూత మధ్యలో లేవలేదు. పిట్టగోడ మూలల్లో మాత్రం పగిలింది, అక్కడ మొదట్లోనే సిమెంటుతో గుండ్రంగా మూల తీయకపోవడం వల్ల.

కూలింగ్ టైల్స్. చూడ్డానికి బాగుంటాయి, తుడిస్తే మెరుస్తాయి, బట్టలు ఆరేసుకోవచ్చు. చల్లదనంలో మాత్రం శుభ్రమైన తెల్లపూతకూ వీటికీ పెద్ద తేడా లేదు. చల్లబరిచేది తెలుపే, టైలు మందం కాదు. అసలు బాధ జాయింట్లది. 3 మిల్లీమీటర్ల సందులో మామూలు సిమెంటు గ్రౌట్ నింపితే, పగలు వ్యాకోచం, రాత్రి సంకోచంతో రెండేళ్లలో సన్నటి గీత పడుతుంది. నీళ్లు కిందికి దిగి, మట్టసం చేసిన మాలులో ఎటో పోయి, ఇంకెక్కడో కారతాయి. చీలిక ఒకచోట, మరక ఒకచోట. కట్టె పెట్టి తట్టి డొల్ల మోగిన టైళ్లు ఒక్కొక్కటే లేపి వెతుక్కోవాలి. వేయాలనుకుంటే కింద వాటర్‌ప్రూఫింగ్ పూర్తయి, 48 గంటలు నీళ్లు నిలబెట్టి చూసిన తర్వాతే వేయండి. గ్రౌట్ ఎపాక్సీదో పాలిమర్‌దో వాడండి. వాటం, అంటే నీళ్లు జారిపోయే వాలు, వంద అడుగులకు ఒక అడుగుకన్నా తగ్గకూడదు. తడిస్తే జారతాయి, మధ్యాహ్నం ఎదురింటివాళ్ల కళ్లలో ఆ తెలుపు కొడుతుంది. కొందరు మిద్దె మీద కడప బండలు పరుస్తారు. ఆ నల్లరాయి ఎండనంతా తాగి రాత్రికి కక్కుతుంది, దాని గురించి ఇంతకన్నా అక్కర్లేదు.

ఎక్స్‌పీఎస్ బోర్డు. పెట్టిన డబ్బు రాత్రిపూట తిరిగొచ్చింది దీనివల్లే. లెక్క ఇలా ఉంటుంది. ఉత్త 5 అంగుళాల స్లాబ్ యూ విలువ 3.5 దగ్గర, అంటే లోపలికీ బయటికీ ఒక డిగ్రీ తేడా ఉంటే చదరపు మీటరుకు మూడున్నర వాట్ల వేడి దూరుతుంది. కేంద్రం 2018లో ఇళ్ల కోసం తెచ్చిన ఇంధన పొదుపు నియమావళి, ఎకో నివాస్ సంహిత, కప్పుకు 1.2 దాటకూడదంది. తెల్లపూత ఈ అంకెను మార్చదు, పైన వేడి పుట్టడాన్ని తగ్గిస్తుంది అంతే. 50 మిల్లీమీటర్ల బోర్డు మాత్రం దాన్ని 0.5 దగ్గరికి దించుతుంది.

వేసే వరుస: స్లాబ్ మీద వాటర్‌ప్రూఫింగ్, 48 గంటల నీళ్ల పరీక్ష, అంచులు ఒకదానిపై ఒకటి ఎక్కేలా మెట్టు తీసిన బోర్డులు, ఇటుక వరుసల్లా జాయింట్లు తప్పించి, వాటిపై జియోటెక్స్‌టైల్ గుడ్డ (నీళ్లు దిగనిచ్చే సింథటిక్ గుడ్డ), దానిమీద చికెన్ మెష్‌తో (సన్న తీగ జాలీతో) రెండంగుళాల కాంక్రీటు, ఆపైన తెలుపు. కాంక్రీటును నాలుగడుగుల చదరాలుగా కోయాలి, పిట్టగోడ చుట్టూ అరంగుళం సందు వదిలి సీలెంట్ నింపాలి. మా దగ్గర పడమటివైపు ఆ సందు వదలలేదు. బోర్డు కింద ఉండటంతో వేడి కిందికి పోలేక పైకాంక్రీటు మామూలుకన్నా ఎక్కువ కాలి, ఉబ్బి, మూడో వేసవికి పిట్టగోడ అడుగున వెంట్రుక మందం చీలిక తెచ్చింది. బరువు సంగతీ చూసుకోండి. రెండంగుళాల కాంక్రీటు చదరపు అడుగుకు పదకొండు కిలోల పైమాటే. పాత స్లాబ్ అయితే ఇంజనీరును అడగకుండా వేయొద్దు. చవకని మామూలు థర్మోకోల్ వాడితే నీళ్లు పీలుస్తుంది, కాలికింద నలుగుతుంది.

గది లోపల ఫాల్స్ సీలింగ్ పైన థర్మోకోల్ పెట్టించుకునేవాళ్లున్నారు. సెగ తగ్గుతుంది, నిజమే. కానీ స్లాబ్ ఎండకు కాలుతూనే ఉంటుంది, సాగి ముడుచుకుని స్లాబ్‌కూ గోడకూ మధ్య గీత తెస్తుంది. ఎలుకలు చేరితే అదొక కథ.

ఇక గోడలు. 8 అంగుళాల ఏఏసీకి యూ విలువ 0.7 దగ్గర, 9 అంగుళాల ఇటుకకు 2 దగ్గర. కాగితం మీద మూడింతల తేడా. వాడకంలో అది పడమటి గోడ దగ్గర బాగా కనిపించింది, మిగతా మూడు వైపులా పెద్దగా తెలియలేదు. బ్లాకుల్ని ఇటుకల్లా తొట్టిలో నానబెట్టకూడదు, ముఖం మీద నీళ్లు చిలకరిస్తే చాలు. జాయింటు 3 మిల్లీమీటర్ల అతుకుమాలుతోనే. పిల్లర్‌ను తాకే ప్రతిచోటా ఆరంగుళాల మెష్ వేయకుండా ప్లాస్టరింగ్ చేస్తే నిలువు గీత ఖాయం, మా మెట్లగదిలో రెండున్నాయి. మేకు నిలవదు, టీవీకీ గీజర్‌కూ ఫ్రేమ్ యాంకర్లు (ప్లగ్గుతో వచ్చే పొడవాటి మరలు) వాడాలి.

ఏఏసీ గురించి ఎవరూ చెప్పనిది ఒకటుంది. బయటి వేడిని ఆపే గోడే లోపలి వేడినీ ఆపుతుంది. వంట, మనుషులు, ఫ్రిజ్ పుట్టించిన వేడి రాత్రి కిటికీలు మూసి పడుకుంటే అక్కడే ఉంటుంది. రాత్రి తొమ్మిది తర్వాత కిటికీలు తెరిచి, మెట్ల పైగదికి గ్రిల్ మాత్రం వేసి తలుపు తెరిచి ఉంచితే వేడిగాలి పొగగొట్టంలో పోయినట్టు పైకి పోతుంది. పొద్దున ఏడున్నరకల్లా అన్నీ మూసేయాలి. స్లైడింగ్ కిటికీలు సగమే తెరుచుకుంటాయి, దోమతెర ఆ సగంలోనూ కొంత గాలి మింగుతుంది. రెక్కల కిటికీలు పెట్టాల్సింది.

వాస్తు ప్రకారం ఇంటి యజమాని పడకగది నైరుతిలో ఉంటుంది. అంటే ఇంట్లో అందరికన్నా ఎక్కువ పడమటెండ తినే గది ఆయనదే! వాస్తు మార్చలేం గానీ, ఆ పడమటి గోడకు కిటికీ తీసేసి, గోడ పొడుగునా బట్టల అల్మారాలు పెట్టించాం. అది రెండో గోడలా పనిచేస్తోంది, బట్టలు మాత్రం మేలో వెచ్చగా ఉంటాయి. హాలు పడమటి కిటికీకి ఎంత పెద్ద సన్‌షేడ్ పెట్టినా నాలుగు గంటల వాలుటెండను ఆపదు. లోపల కట్టిన కర్టెన్ కూడా దండగే, ఎండ అప్పటికే అద్దం దాటి వచ్చేసింది. బయటివైపు వెదురు తడిక వేలాడదీశాకే ఆ గది దారికొచ్చింది. గాలివానకు ఊగకుండా అడుగున రెండు కొక్కేలు కావాలి, తడిక మూడేళ్లు వస్తుంది.

చివరగా నీళ్ల ట్యాంకు. మేలో మధ్యాహ్నం రెండింటికి కొళాయి తిప్పితే చెయ్యి పెట్టలేనంత వేడినీళ్లు వచ్చేవి. నల్లట్యాంకు పైన అదే తెల్ల కోటింగ్ మిగిలింది రెండు పూతలు వేసి, మెట్లగది నీడపడే తూర్పువైపుకు జరిపించాం. ఇప్పుడు సాయంత్రం స్నానానికి నీళ్లు పట్టి చల్లార్చుకోవాల్సిన పనిలేదు.