గాలి పడవతో కృష్ణలో నాలుగేళ్ళు: ఏ కాలంలో వాడాలి, ఏ కాలంలో అటకెక్కించాలి

ఇద్దరు కూర్చునే పీవీసీ గాలి పడవ ఇది. 2021లో ఆన్‌లైన్‌లో 12 వేలకి కొన్నాను, నదిలో గాలం వేసి చేపలు పట్టుకోవడానికి. అల్యూమినియం తెడ్లు రెండు, కాలితో తొక్కే పంపు, అతుకు ముక్కలు డబ్బాలోనే వచ్చాయి. బ్రాండు పేరు రాయడం లేదు. ఈ ధరలో నేను చూసినవన్నీ ఇంచుమించు ఒకేలా ఉన్నాయి. కొనేముందు చదివిన సమీక్షలు మాత్రం చాలావరకు స్విమ్మింగ్‌పూల్‌లో తేల్చి చూసి ఐదు చుక్కలు ఇచ్చినవాళ్ళవే. నదిలో ఏడాది పొడవునా ఎలా ఉంటుందో ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నాను.

తీర్పు ముందే చెప్పేస్తా. విజయవాడలో ఈ పడవకి అచ్చొచ్చే కాలం దీపావళి నుంచి శివరాత్రి దాకా. వేసవిలో జాగ్రత్తగా వాడుకోవచ్చు. వానాకాలంలో మడతపెట్టి అటక మీద పెట్టాల్సిందే. దీపావళి తర్వాతి ఆ నాలుగు నెలలకే డబ్బు గిట్టుబాటు అనుకుంటేనే కొనండి. నాకైతే గిట్టింది.

వరద తగ్గి ప్రకాశం బ్యారేజీ గేట్లు దించేశాక వెనక నీళ్ళు 12 అడుగుల మట్టంలో నిలబడతాయి. ఒండ్రు దిగి తేటపడతాయి. పొద్దున పూట గాలి ఉండదు. నేను అమరావతి వైపు ఒడ్డున, తాళ్ళాయపాలెం దగ్గర దింపుతాను. బ్యారేజీకీ, స్నానఘట్టాలకీ, భవానీ ద్వీపం బోట్లు తిరిగే దారికీ దూరంగా ఉంటుంది. మొదటిసారి అక్కడ పంపు తొక్కుతుంటే వల సర్దుకుంటున్న పెద్దాయన కాసేపు చూసి, "ఇది పడవా బాబూ, పరుపా?" అన్నాడు. ఇప్పటికీ నన్ను పరుపబ్బాయి అనే పిలుస్తాడు.

చలికాలంలో తెల్లారకముందే పరిగెత్తాల్సిన పని లేదు. నీళ్ళు చల్లగా ఉన్నంతసేపు శీలావతి, బొచ్చె చేపలు పెద్దగా కదలవు. ఎండ కాస్త వెచ్చబడి ఎనిమిదిన్నర, తొమ్మిదయ్యాక బెండు అదరడం మొదలవుతుంది. వేయించిన తవుడు, నానబెట్టిన వేరుశనగ చెక్క, ముద్ద కట్టడానికి కాస్త మైదా. ఇంతకు మించిన ఎర నాకెప్పుడూ అవసరం పడలేదు. ఈ పడవకి నేను ఎక్కువ మార్కులు వేసేది ఇక్కడే. నాటు పడవలో తెడ్డు అంచుకి తగిలితే టక్కుమని మోగి చేప చెదిరిపోతుంది. ఇందులో చప్పుడే ఉండదు.

చిక్కల్లా ఒకటే. చేప బాగా పడే కాలంలో మొదటి నెల కార్తీకం. ఇంట్లో నీచు వండరు. పడ్డవన్నీ ఒడ్డునే పంచిపెట్టి, ఇంటికొచ్చి తలస్నానం చేసి ముద్దపప్పు తినాలి. మార్గశిరం వచ్చాక ఊరట, అదీ లక్ష్మీవారాలు మినహాయించి.

చలిలో కొత్తగా కొన్నవాళ్ళు కంగారు పడే సంగతి ఇంకోటుంది. ఒడ్డున గట్టిగా నింపిన పడవ నీళ్ళలో దింపిన పది నిమిషాలకి మెత్తబడుతుంది. ఎక్కడో కారిపోతోందని టెన్షన్ పడి ప్యాకేజీ వాపసు పంపేసినవాళ్ళు కూడా ఉన్నారు. నీళ్ళ చల్లదనానికి లోపలి గాలి ముడుచుకుంటుంది, అంతే. నీళ్ళ మీద కాసేపు వదిలి, ఇంకోసారి పంపు తొక్కి, అప్పుడు ఎక్కండి.

ఎండాకాలం దీనికి తలకిందులు. రోహిణి కార్తె ఎండలో నింపిన పడవని బండ మీద వదిలేస్తే గాలి వ్యాకోచించి అతుకులు సాగుతాయి. కాస్త తక్కువగానే నింపాలి. ఒడ్డు చేరగానే కవాటం తిప్పి కొంత వదలాలి, నీడలోకి లాగాలి. నీళ్ళు వెనక్కి జరిగి బురద తేలుతుంది, గుర్రపుడెక్క తెడ్డుకి చుట్టుకుంటుంది, ఒడ్డున ముళ్ళకంప. మే నెలలో నేను పొద్దున ఎనిమిదికల్లా బయటికి వచ్చేస్తాను. కాలువలు కట్టేశాక బందరు కాలువ, ఏలూరు కాలువ మడుగుల్లో గట్టు మీద కూర్చుని గాలం వేసుకోవడమే హాయి. దానికి పడవెందుకు?

పంక్చర్ల గురించి అందరూ అడుగుతారు. ముళ్ళకంప కంటే ప్రమాదం జెల్ల చేప. దాని రెండు రెక్కల ముందూ, వీపు మీదా గట్టి ముల్లు ఉంటుంది, ఆపైన రంపపు పళ్ళు. గాలం విప్పేలోపు ఒక్కసారి ఎగిరి పడిందంటే అడుగున చిల్లే. నాకు పడిన చిల్లుల్లో సగానికి పైగా దాని పుణ్యమే. మూతున్న పెయింట్ బకెట్ ఒకటి కాళ్ళ మధ్య పెట్టుకుని, జెల్లని దారంతో సహా నేరుగా అందులోకి దించాలి. చిల్లు ఎక్కడుందో కనిపెట్టడానికి సబ్బు నురగ రాస్తే బుడగ లేస్తుంది. చుట్టూ స్పిరిట్‌తో తుడిచి, ఆరనిచ్చి, పీవీసీ జిగురుతో గుండ్రటి ముక్క అంటించి, రాత్రంతా బరువు పెట్టాలి. ముక్క చదరంగా కత్తిరిస్తే మూలలు లేచిపోతాయి. సైకిల్ ట్యూబుకి వాడే సొల్యూషన్ రబ్బరుకే. పీవీసీ మీద నిలబడదు.

ఇక జూన్ నుంచి. పడమటి గాలి మొదలైతే పడవని తిన్నగా దిగువకి, అంటే బ్యారేజీ వైపుకి నెడుతుంది. బరువు లేని పడవ కాబట్టి తెడ్డు ఆపిన క్షణం నుంచి గాలి చెప్పినట్టే పోతుంది. ఇది ఈ పడవకున్న అసలు లోపం, ఏ మోడల్ కొన్నా తప్పదు. జులైలో పట్టిసీమ ఎత్తిపోతల నుంచి తోడిన గోదావరి నీళ్ళు ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర కృష్ణలో కలిసి ఎర్రబారుస్తాయి. ఆ నీళ్ళలో చేపకి ఎర కంటికి ఆనదు, వాసనే ఆనవాలు. వానపాము పెట్టి గట్టు మీంచి వేస్తే జెల్లలు, వాలుగ తగులుతాయి. ఎగువన పులిచింతల ప్రాజెక్టు నుంచి నీళ్ళు వదిలారని వినగానే పడవ ఆలోచన మానేయాలి. 3.97 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక వేస్తారు గానీ, మనలాంటివాళ్ళకి అందులో పదో వంతు ప్రవాహమే ఎక్కువ. 2024 సెప్టెంబరు మొదట్లో 11 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు కొట్టుకొచ్చిన పెద్ద పెద్ద పడవలు గుద్దుకుని బ్యారేజీ గేట్లని ఎత్తడానికి సాయపడే బరువు దిమ్మలే (కౌంటర్ వెయిట్లు) దెబ్బతిన్నాయి.

ఆ వారంలోనే బుడమేరు వాగు సింగ్‌నగర్‌ని ముంచితే మా తోడల్లుడి వీధిలోకి పాల ప్యాకెట్లు, మంచినీళ్ళు ఈ పడవలోనే చేరవేశాం. పనికొచ్చింది గానీ వీధి నీళ్ళకి పడవ కాదిది. నీళ్ళ కింద ఇనప గేట్లు, బైకు హ్యాండిళ్ళు ఎక్కడున్నాయో తెలియదు. ఎక్కి తెడ్డు వేయడం మానేసి, తాడు పట్టుకుని కర్రతో ముందు తడుముకుంటూ నడిచాం.

వరద లేదు కదా అని లైఫ్ జాకెట్ ఇంట్లో వదలకండి. 2017 నవంబరు 12న ఆ ఫెర్రీ దగ్గరే ఉన్న పవిత్ర సంగమం వద్ద పడవ బోల్తాపడి ఇరవై మందికి పైగా పోయింది ఇలాంటి కార్తీక ఆదివారం నాడే. దింపే ముందు అక్కడ అనుమతి ఉందో లేదో కూడా కనుక్కోండి. వరద సమయంలో నదిలోకి ఎవర్నీ దిగనివ్వరు.

నాలుగేళ్ళకి నా పడవ రంగు వెలిసింది, తెడ్డు పిడి ఒకటి ఊడింది, గాలి అరలు మాత్రం గట్టిగానే ఉన్నాయి. కొనేవాళ్ళు అడుగు విడి అరగా ఉన్న మోడల్ చూసుకోండి. పక్క అర చిల్లుపడినా ఒడ్డు చేరేదాకా మోస్తుంది. డబ్బాలో వచ్చే పంపుని నమ్ముకోవద్దు. కారు సాకెట్‌కి పెట్టే పంపు విడిగా కొనుక్కోండి, లేకపోతే గాలం వేసే ఓపిక ఒడ్డునే అయిపోతుంది.