సొంత ఈవెంట్ బస్: చేరినంత తేలిగ్గా వదలదు

ప్రోగ్రామ్‌లో ఒక భాగం ఏదో జరిగిందని చాటుతుంది (పబ్లిష్), దానికోసం ముందే పేరు ఇచ్చుకున్నవాళ్లకు (సబ్‌స్క్రైబ్) కబురు అందుతుంది; మధ్యలో ఆ కబుర్లు మోసేదే ఈవెంట్ బస్. పైథాన్‌లో ఒక క్లాసు, అందులో ఒక డిక్షనరీ, ఈవెంట్ పేరుకో లిస్టు, ఆ లిస్టులో పిలవాల్సిన ఫంక్షన్లు (హ్యాండ్లర్లు). మా డెస్క్‌టాప్ అప్లికేషన్‌లో చాలాకాలంగా ఇదే నడుస్తోంది. సబ్‌స్క్రైబ్, పబ్లిష్ ఒక్క రోజు కూడా ఏడిపించలేదు. నా కోపమంతా ఇచ్చిన పేరు తీసేసుకునే అన్‌సబ్‌స్క్రైబ్ మీదే.

రిపోర్ట్ స్క్రీన్ తెరిస్తే అది బస్‌లో చేరుతుంది. మూసేస్తే? మన కంటికి పోతుంది, బస్ లిస్టులోంచి పోదు. లిస్టులో ఉన్నది బౌండ్ మెథడ్, అంటే ఆ స్క్రీన్ ఆబ్జెక్ట్‌తో ముడిపడిన ఫంక్షన్. అది తన ఆబ్జెక్ట్‌ని గట్టిగా పట్టుకుని ఉంటుంది కాబట్టి స్క్రీన్ మొత్తం మెమరీలోనే మిగిలిపోతుంది. ఐదుసార్లు తెరిచి మూస్తే, ఆర్డర్ మారిన ప్రతిసారీ ఐదు దయ్యాలు లేచి డేటాబేస్ మీద పడతాయి. పొద్దున బాగున్న అప్లికేషన్ సాయంత్రానికి ఎందుకు నత్తనడక నడుస్తోందో మాకు చాలా రోజులు అర్థం కాలేదు.

టీమ్‌లో ఒకరు వీక్ రిఫరెన్సులు (ఆబ్జెక్ట్‌ని చూపిస్తాయి కానీ మెమరీలో పట్టి ఉంచవు) వాడదామన్నారు. బాగుందనిపించింది, టెస్టులూ పాసయ్యాయి. తీరా చూస్తే స్క్రీన్లకు ఒక్క ఈవెంట్ కూడా అందడం లేదు, ఎర్రర్ కూడా లేదు! ఆబ్జెక్ట్ నుంచి మెథడ్‌ని అడిగిన ప్రతిసారీ పైథాన్ కొత్త బౌండ్ మెథడ్‌ని తయారుచేసి ఇస్తుంది. దాన్ని పట్టుకున్నది బస్‌లోని వీక్ రిఫరెన్స్ ఒక్కటే కనుక అది పుట్టిన వెంటనే పోతుంది. టెస్టుల్లో ఉన్నవి మామూలు ఫంక్షన్లు, అందుకే బయటపడలేదు. దీనికోసమే పైథాన్ 3.4లో, ఆబ్జెక్ట్ ఉన్నంతకాలం పనిచేసే వీక్‌మెథడ్ అనే వీక్ రిఫరెన్స్ వచ్చింది, సగం కష్టం దానితో తీరింది. అక్కడికక్కడ రాసిచ్చిన లాంబ్డాలు (పేరులేని చిన్న ఫంక్షన్లు) మాత్రం అప్పటికీ అలాగే పోయేవి. పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్ జాంగోలో ఇలాంటి పనే చేసే సిగ్నల్స్‌లో కూడా డీఫాల్ట్ వీక్ రిఫరెన్సే, లోకల్ ఫంక్షన్లతో జాగ్రత్త అని వాళ్ల డాక్యుమెంటేషనే చెబుతుంది.

చివరికి వీక్ రిఫరెన్సులు తీసేశాం. ఇప్పుడు సబ్‌స్క్రైబ్ చేస్తే బస్ ఒక ఫంక్షన్ తిరిగిస్తుంది, దాన్ని పిలిస్తే బంధం తెగుతుంది. స్క్రీన్ అలాంటివన్నీ ఒక లిస్టులో దాచుకుని, మూసేటప్పుడు వరసగా పిలుస్తుంది. పబ్లిష్ కూడా లిస్టు కాపీ మీదే తిరగాలి. లేకపోతే మధ్యలో ఒక హ్యాండ్లర్ తనను తాను తీసేసుకున్నప్పుడు దాని తర్వాతిది చప్పుడు లేకుండా తప్పిపోతుంది. జావాస్క్రిప్ట్ నడిపే నోడ్‌లో ఒకే ఈవెంట్‌కి 10 మందికి మించి లిజనర్లు చేరితే హెచ్చరిక వస్తుంది కదా, అదీ తెచ్చి పెట్టుకున్నాం. మొత్తం కోడ్‌లో నాకు బాగా నచ్చిన ముక్క అదే.

మాడ్యూల్స్‌కి ఒకదాని గురించి ఒకటి తెలియక్కర్లేదని ఒకప్పుడు తెగ పొగిడేవాణ్ణి. అబద్ధమేం కాదు. కాకపోతే బగ్ వెతికేటప్పుడు మనకీ తెలియదు, పబ్లిష్ దగ్గరికొచ్చి దారి ఆగిపోతుంది. స్ట్రింగ్ పేర్ల బదులు ఈవెంట్‌కో క్లాసు పెట్టాక, ఎవరు వింటున్నారో కనీసం వెతికితే దొరుకుతోంది.

మాది ఒకే ప్రాసెస్, ఒకే థ్రెడ్, చిన్న టీమ్. వినేవాళ్లంతా ప్రోగ్రామ్ ఉన్నంతకాలం ఉండే లాగర్, కాష్ లాంటివే అయితే ఈ గోలంతా అక్కర్లేదు, మొదటి రూపమే చాలు. థ్రెడ్లు ఎక్కువుంటే మాత్రం మా కోడ్ ఉన్నదున్నట్టు తీసుకోమని చెప్పలేను, రెండు థ్రెడ్లు ఒకేసారి లిస్టు మీద పడకుండా ఆపే లాక్ అందులో ఒక్కటి కూడా లేదు.