చిట్టికి కొత్త ఇల్లు వెతికిపెట్టిన సంస్థ: ఆరు నెలల తరువాత నా అభిప్రాయం

ఆరేళ్లు పెంచుకున్న కుక్కను మరొకరి చేతిలో పెట్టవలసి వచ్చినప్పుడు, అందుకు తగిన ఇంటిని వెతికిపెట్టే ఒక సంస్థ సేవలను నేను వాడుకున్నాను. కుక్కను అప్పగించిన వారంలోనే ఈ సమీక్ష రాసి ఉంటే ఇందులో సంస్థ గురించి కంటే నా దుఃఖం గురించే ఎక్కువ ఉండేది. అందువల్ల ఆరు నెలలు ఆగాను. మెచ్చుకోవలసిన వాటితో పాటు వారి లోపాలనూ రాస్తున్నాను కాబట్టి సంస్థ పేరు చెప్పడం లేదు. ఇలాంటి సేవను ఎంచుకునేవారికి పేరు కంటే పని చేసే పద్ధతి తెలియడమే అవసరమని కూడా నా అభిప్రాయం.

మా నాన్నగారికి పక్షవాతం వచ్చి, వాకర్ పట్టుకుని తప్ప నడవలేని స్థితి ఏర్పడినందువల్ల నేను నా ఇల్లు ఖాళీ చేసి ఆయన దగ్గరికి మారాను. చిట్టి బరువు 31 కిలోలు. అరచేతిలో ఇమిడే వయసులో పెట్టిన పేరు అలాగే నిలిచిపోయింది. తనకు ఇష్టమైన మనిషి కనబడితే వెనుక కాళ్ల మీద లేచి, ముందు కాళ్లు భుజాల మీద వేయడం దాని పలకరింపు. ఆ పలకరింపు వల్ల నాన్నగారు ఒకసారి పడిపోయారు. అదృష్టవశాత్తూ ఎముక విరగలేదు. ఆ తరువాత అడ్డుగేటు పెట్టించాను, శిక్షకుణ్ని పిలిపించాను, వేరే గది కేటాయించాను. రెండు నెలలు గడిచేసరికి రోజులో ఎక్కువ భాగం మూసిన తలుపు వెనుకే గడిపే కుక్క, ఆ తలుపు గీకుతున్న శబ్దానికి నిద్ర పట్టని రోగి, ఇద్దరి మధ్యా తిరిగే నేను మిగిలాం.

సంస్థవారిని సంప్రదించిన మొదటి రోజున వారు దత్తత గురించి మాట్లాడనే లేదు. కుక్కను మీ దగ్గరే ఉంచుకోవడానికి ఏమేం ప్రయత్నించారని అడిగారు. బంధువుల్లో దాన్ని ఎరిగినవారు ఉన్నారా, మరో మూడు వారాలు శిక్షణ కొనసాగించే వీలుందా, పగటిపూట ఎవరైనా తీసుకెళ్లి తిప్పగలరా అని ఒక్కొక్కటే ఆరా తీశారు. అంతా ఆలోచించిన తరువాతే వారి దగ్గరికి వచ్చిన నాకు ఆ ప్రశ్నలు అవమానంగా తోచాయి. అయితే ఆ మూడు వారాలూ నిజంగానే ప్రయత్నించి చూసినందువల్ల, ఇంకేదైనా చేసి ఉండవచ్చునేమో అన్న అనుమానం ఈ రోజున నాకు లేదు. రుసుము చెల్లించి వాడుకునే సేవ, వచ్చిన మనిషిని ముందు వెనక్కి పంపడానికి ప్రయత్నించడం నేను మరెక్కడా చూడలేదు.

ఆ తరువాత వచ్చిన ప్రశ్నావళి ఈ సేవ మొత్తంలోకీ విలువైన భాగం. నేను మొదట చాలా ప్రేమగా, చాలా పొడుగ్గా రాసి పంపాను. చిట్టి శాంతస్వభావం గలదని, అందరితో కలిసిపోతుందని, పిల్లలంటే ప్రాణమని రాశాను. సమన్వయకర్తగా ఉన్న ఆవిడ దాన్ని తిప్పి పంపి, ఫోన్‌లో గంటసేపు మాట్లాడారు. ఉరుము వినబడితే ఎక్కడ దాక్కుంటుంది, తింటున్నప్పుడు గిన్నె దగ్గరికి వెళితే ఏం చేస్తుంది, ఒంటరిగా వదిలితే ఎన్ని గంటల తరువాత మొరగడం మొదలుపెడుతుంది, పిల్లి ఎదురైతే లీష్ ఎంత బలంగా లాగుతుంది అని అడుగుతూ, చివరకు ఎవరినైనా ఎప్పుడైనా కరిచిందా, కరవబోయిందా అన్న ప్రశ్న దగ్గర ఆగారు. నోట్లోని ఎముకను పట్టుకోబోయిన ఒక పిల్లవాడి మీద అది ఒకసారి గుర్రుమన్న సంగతి నేను రాయలేదు. రాస్తే ఎవరూ తీసుకోరని భయపడ్డాను. ఆ సంగతి దాచితే కుక్క చిన్నపిల్లలున్న ఇంటికి చేరుతుందని, అక్కడ మళ్లీ అదే జరిగితే అప్పుడు దాని తరఫున మాట్లాడేవారు ఎవరూ ఉండరని ఆవిడ నెమ్మదిగా చెప్పారు. చివరకు మిగిలిన వివరణ పత్రం పన్నెండు వాక్యాలు. అందులో మూడో వాక్యం, "సంతోషం కలిగితే మనుషుల భుజాల మీదికి ఎగురుతుంది, నిలదొక్కుకోలేనివారు ఉన్న ఇంటికి తగదు" అన్నది. ఏడో వాక్యంలో ఎముక సంగతి ఉంది. నా పొగడ్తలేవీ మిగలలేదు, కాని చదివితే అది చిట్టే అని నాకు స్పష్టంగా తెలిసింది.

వైద్య పత్రాల విషయంలో వారి పని చక్కగా సాగింది. రేబిస్, డిస్టెంపర్, పార్వో టీకాల తేదీలు, పిల్లలు పుట్టకుండా చేసిన శస్త్రచికిత్స వివరాలు, పళ్ల స్థితి అన్నీ పశువైద్యుడి దగ్గరినుంచి నేరుగా తెప్పించుకున్నారు.

ఇంటి ఎంపికలో మాత్రం నా అంచనాలు తలకిందులయ్యాయి. ఈ సంస్థను ఆశ్రయించక ముందు నేనే సొంతంగా "ఉచితంగా ఇస్తాను" అని ఒక ప్రకటన ఇచ్చాను. దానికి వచ్చిన ఫోన్లలో ఒకరు కుక్క పేరు కూడా అడగకుండా, పిల్లలను కనగలదా అని మాత్రమే అడిగారు. మరొకరికి రాత్రుళ్లు గోదాము దగ్గర గొలుసుతో కట్టివేయడానికి పెద్ద కుక్క కావలసి వచ్చింది. సంస్థవారు తెచ్చిన మూడు కుటుంబాల్లో పెద్ద తోట ఉన్న ఇల్లు నాకు వెంటనే నచ్చింది. వారు దాన్నే ముందుగా తిరస్కరించారు, ఎందుకంటే ఆ ఇంట్లో అందరూ ఉదయం వెళ్లి రాత్రికి గాని తిరిగిరారు. తోట కుక్కకు తోడు కాదన్నది వారి వాదన. కుక్కను తానే బయటికి తీసుకెళ్లే మనిషి ఎవరో తేలకపోతే ఎంత స్థలం ఉన్నా ప్రయోజనం లేదని వివరించారు. ఎంపికైనవారు చిన్న ఫ్లాట్‌లో ఉండే యాభై దాటిన దంపతులు, ఒకరు ఇంటినుంచే పని చేసుకుంటారు. సంస్థవారు వారి ఇంటికి వెళ్లి బాల్కనీ కమ్మీల మధ్య సందును కూడా కొలిచారట.

అప్పగించే రోజు వరకు చిట్టిని షెల్టర్‌కు తరలించకుండా నా దగ్గరే ఉంచమన్నారు. ఇందుకు కారణం ఉంది. అమెరికాలోని ఒక షెల్టర్‌లో జరిపి 1997లో ప్రచురించిన పరిశీలనలో, కొత్తగా చేరిన కుక్కల రక్తంలో ఒత్తిడికి సంబంధించిన కార్టిసాల్ మొదటి మూడు రోజుల్లో ఇళ్లలోని పెంపుడు కుక్కల్లో కంటే ఎక్కువగా కనిపించింది. చిట్టికి ఆ మజిలీ లేకుండా, కొత్తవారితో మూడు సమావేశాలు ఏర్పాటు చేశారు. మొదటిది ఎవరి ఇల్లూ కాని మైదానంలో నడక, రెండవది మా ఇంట్లో, మూడవది వారి ఇంట్లో. ఉతకని దుప్పటిని దాని వెంట పంపమన్నారు. అలవాటైన మేతనే మొదట కొనసాగించి, ఆ తరువాత వారం పది రోజుల్లో కొద్దికొద్దిగా మార్చమని కొత్తవారికి రాసి ఇచ్చారు.

నన్ను ఓదార్చడానికి సమన్వయకర్త మరొక పరిశోధన గురించి కూడా చెప్పారు. షెల్టర్‌లో ఉన్న పెద్ద కుక్కలతో ఒక మనిషి పది నిమిషాల చొప్పున మూడుసార్లు గడిపితే చాలు, అవి ఆ మనిషి పట్ల అనుబంధం చూపడం మొదలుపెట్టాయని 2001లో హంగరీ పరిశోధకులు ప్రచురించారు. ఆవిడ సదుద్దేశంతోనే చెప్పినా, ఆరేళ్ల స్థానాన్ని అరగంటలో మరొకరు ఆక్రమించగలరా అని నాకు అసూయ కలిగింది. మనుషుల తోడు కోసం అలమటించే కుక్కల గురించి చేసిన ఆ పరిశీలన ఇల్లు విడిచి వెళ్లే చిట్టికి అంత తేలికగా వర్తించదు కూడా. అది మొదటి నాలుగు రోజులూ వీధి తలుపు దగ్గరే పడుకుందని, రెండవ రోజు రాత్రి గాని మేత ముట్టలేదని కొత్తవారే నిజాయితీగా తెలియజేశారు.

ఇక లోపాల దగ్గరికి వస్తాను. చిట్టి మెడ దగ్గర చర్మం కింద బియ్యపు గింజంత మైక్రోచిప్ ఉంది. ఆ చిప్‌లో బ్యాటరీ ఉండదు, అది కుక్క ఎక్కడుందో చెప్పదు. స్కానర్ పెడితే 15 అంకెల సంఖ్య మాత్రమే కనబడుతుంది, ఆ సంఖ్యకు ఎదురుగా నమోదై ఉన్న మనిషికే ఫోన్ వెళుతుంది. అప్పగించిన ఇరవై మూడో రోజున, పార్సిల్ తీసుకోవడానికి తెరిచిన తలుపులోంచి చిట్టి బయటికి జారుకుంది. ఎవరో దాన్ని పట్టుకుని పశువైద్యశాలకు తీసుకెళ్లారు, అక్కడివారు చిప్ చదివారు, ఫోన్ నాకు వచ్చింది. ఆ సమయంలో నేను నాన్నగారి ఫిజియోథెరపీ గది బయట కూర్చుని ఉన్నాను. కొత్తవారి నంబరు గోప్యమని నాకు ఇవ్వలేదు, అది ఆదివారం కావడంతో సంస్థ కార్యాలయంలో ఎవరూ ఫోన్ ఎత్తలేదు. నాలుగు గంటల తరువాత, తమ కుక్క కోసం వైద్యశాలలన్నింటికీ ఫోన్లు చేస్తున్న ఆ దంపతులే అక్కడికి చేరుకున్నారు. నమోదు మార్పించడం పాత యజమాని బాధ్యత అని ఒప్పంద పత్రంలో ఎక్కడో ఉందని సంస్థవారు తరువాత చూపించారు. ఉన్న మాట నిజమే, కాని పన్నెండు పేజీల పత్రాన్ని కన్నీళ్లతో సంతకం చేసే మనిషికి ఆ ఒక్క పనినీ ఎదురుగా కూర్చోబెట్టి చేయించడానికి పది నిమిషాలు చాలు. కొత్త కుక్క తప్పించుకునే ప్రమాదం మొదటి వారాల్లోనే ఎక్కువ కాబట్టి, సెలవు రోజున కూడా పనిచేసే ఒక అత్యవసర నంబరు లేకపోవడం నా దృష్టిలో ఇంకా పెద్ద లోపం.

రెండు వారాల పరీక్షా కాలం కూడా నాకు చాలదనిపించింది. చాలా కుక్కలు మొదట్లో కొత్త చోట ముడుచుకుని ఉండి, కొన్ని వారాలు గడిచాక గాని అసలు స్వభావం బయటపెట్టవు. అయితే ఎప్పుడు పెంచలేకపోయినా కుక్కను అమ్మకుండా, ఇంకొకరికి ఇవ్వకుండా సంస్థకే తిరిగి అప్పగించాలన్న నిబంధనకు కాలపరిమితి లేదు. అలాంటి సందర్భం వస్తే ముందుగా నన్ను అడుగుతామని కూడా రాసి ఇచ్చారు. ఈ రెండు నిబంధనలూ లేని సంస్థకు మీ కుక్కను అప్పగించవద్దని గట్టిగా చెబుతాను. ఫోటోలు పంపుతామన్న మాటను మొదటి వారం నిలుపుకున్నారు, మొదటి నెలకు రెండుసార్లు గుర్తుచేయవలసి వచ్చింది.

అయిదుకు నాలుగు నక్షత్రాలు ఇస్తున్నాను, తగ్గిన నక్షత్రం ఆ ఆదివారానిది.

మూడవ నెలలో అడగకుండానే ఒక వీడియో వచ్చింది. కొత్త యజమాని తలుపు తీసుకుని లోపలికి వస్తారు, గది చివరినుంచి చిట్టి పరుగున వస్తుంది. అది ఎగరబోయే ముందు ఆయన చేతిలోని సంచి కింద పెట్టి, వీపును గోడకు ఆనించి, రెండు కాళ్లూ కాస్త ఎడంగా పెట్టుకుని నిలబడ్డారు. ఆయన మూడో వాక్యం చదివారు.