అసర్ కాగితంతో మా బడి పిల్లల్ని చదివించి చూశాక

నేను రాయదుర్గం దగ్గర ఒక మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో టీచర్‌ని. మాది కర్ణాటక సరిహద్దు పల్లె. వానలు ముఖం చాటేసిన ఏడాది సగం ఇళ్లకు తాళాలు పడతాయి, అందరూ బెంగళూరుకు పనులకు పోతారు. జూన్‌లో బడి తెరిచిన రోజు నుంచీ నాకు ఒకటే గుబులు. మూడు, నాలుగు, ఐదు తరగతుల్లో కలిపి 38 మంది ఉన్నారు. వీళ్లలో చదవడం నిజంగా వచ్చింది ఎందరికి? ఆ సంగతి హాజరు పట్టీలో దొరకదు, మార్కుల రిజిస్టర్‌లోనూ దొరకదు. అందుకే ఈసారి పిల్లలకు చదవడం, లెక్కలు ఎంతవరకు వచ్చో చూసే అసర్ పరీక్ష కాగితాలు తెచ్చి, ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకుని చదివించాను. రెండు నెలలు వాడిన తర్వాత రాస్తున్నాను. పిల్లలున్న ఏ ఇంట్లోనైనా, ట్యూషన్‌లోనైనా వాడుకోగలిగిన వస్తువే ఇది.

ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ 2005లో పల్లెల్లో ఇంటింటికీ తిరిగి మొదలుపెట్టిన అసర్ సర్వే కోసం చేసిన కాగితం ఇది. వాళ్ల వెబ్‌సైట్‌లో తెలుగు నమూనాలు ఉచితంగా దొరుకుతాయి. నేను రెండు నమూనాలు జిరాక్స్ తీయించి, లామినేషన్ చేయించాను. మొత్తం ఖర్చు వంద రూపాయలు దాటలేదు.

అక్షరాలు, పదాలు, ఒక చిన్న పేరా, ఒక కథ ఉంటాయి. మొదలుపెట్టేది అక్షరాలతో కాదు, పేరాతో. అది ఒకటో తరగతి స్థాయిది. తడుముకోకుండా చదివితే రెండో తరగతి స్థాయి కథ ఇస్తాం. పేరా దగ్గర ఆగిపోతే పదాలకు దిగుతాం. ఐదు పదాల్లో నాలుగు సరిగా చదివితే పదాల స్థాయి. అదీ రాకపోతే అక్షరాలు, అక్కడా ఐదింటికి నాలుగు. లెక్కల కాగితం కూడా ఇలాంటిదే, రెండంకెల తీసివేతతో మొదలవుతుంది. ఈ మధ్యలోంచి మొదలుపెట్టే పద్ధతి నాకు చాలా నచ్చింది. వచ్చిన పిల్లని అ, ఆల దగ్గర కూర్చోబెట్టి చిన్నబుచ్చం. రాని పిల్లవాడితో పది నిమిషాల్లో పని అయిపోతుంది. నాకు మూడు మధ్యాహ్నాలు పట్టింది.

ఫలితం ఇది. కథ చదివినవాళ్లు 11 మంది, పేరా వరకు 7, పదాల వరకు 8, అక్షరాల వరకు 9, అక్షరాలు కూడా పూర్తిగా రానివాళ్లు ముగ్గురు. కథ చదవని 27 మందిలో ఐదో తరగతి పిల్లలు కూడా ఉన్నారు. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు.

ఐదో తరగతి అబ్బాయి సంగతి ముందు చెప్పాలి. మా బడిలో పాఠం గట్టిగా, గడగడా చదివేది వాడే. ఇన్‌స్పెక్షన్ వస్తే వాణ్ణే లేపేవాళ్లం. కాగితం ముందు పెట్టగానే వాడి వేలు మొదటి పదం మీద ఆగిపోయింది. కాసేపు నా ముఖం చూశాడు. "మేడమ్, ఇది మా పాఠంలో లేదు కదా" అన్నాడు. పదాలకు దిగాను, రెండు చదివాడు. అక్షరాల్లో ఐదూ చెప్పాడు. తర్వాత తెలుగు పుస్తకం తీసి వాడికి బాగా వచ్చిన పాఠమే ఇచ్చాను. వాడి నోరు మూడో లైన్‌లో ఉంటే వేలు ఇంకా మొదటి లైన్‌లోనే ఉంది. ఏళ్ల తరబడి విని విని మొత్తం గుర్తుపెట్టుకున్నాడు. అంత జ్ఞాపకశక్తి ఉన్న పిల్లవాడికి చదవడం రాదని మాకెవరికీ అనుమానమే రాలేదు. లెక్కల్లో మాత్రం మూడంకెల భాగహారం వాడు తప్పు లేకుండా చేశాడు.

నాలుగో తరగతి పాప కూడా, ఫలితాలు రాసుకునే పట్టీలో అక్షరాల గడిలోనే పడింది. కానీ తను కాగితాన్ని ముక్కు దాకా తెచ్చుకుంటోంది. పెద్ద అక్షరాలు సరే, పేరా చదవడానికి తల వంచి దాదాపు కాగితం మీద పడుకుంది. క్లాసులో వెనక బెంచీలో కూర్చుంటుంది, బోర్డు మీది నుంచి కాకుండా పక్కమ్మాయి నోట్సు చూసి రాసుకుంటుంది. ఇన్నాళ్లూ అది కాపీ కొట్టడం అనుకుని తిట్టాను, ఆ మాట రాస్తుంటే ఇప్పటికీ బాధగా ఉంది. 2019 అక్టోబరు 10న మన రాష్ట్ర ప్రభుత్వ ఉచిత కంటి పరీక్షల పథకం కంటి వెలుగు మన అనంతపురంలోనే మొదలై, బడిపిల్లలకే ముందు పరీక్షలు చేశారు. అప్పటికి ఈ పాప బడిలో చేరనే లేదు. వాళ్ల నాన్నని పిలిచి మాట్లాడితే మర్నాడే అనంతపురం సర్వజన ఆసుపత్రికి తీసుకుపోయాడు. ఇప్పుడు అద్దాలున్నాయి, ముందు బెంచీలో కూర్చుంటుంది. ఒత్తుల దగ్గర ఇంకా తడబడుతోంది, కానీ పేరా దాకా వచ్చింది.

ఇక మూడో పిల్ల, మూడో తరగతి అమ్మాయి. తల్లిదండ్రులతో రెండేళ్లు బెంగళూరులో ఉండి ఈ ఏడే వెనక్కి వచ్చింది. తనదీ అక్షరాల గడే. పలకమీద క, గ రాయమంటే తలకట్టు మనలా పైకి లేవలేదు, అడ్డంగా పోయి చివర కొక్కెంలా వంగింది. అది కన్నడ తలకట్టు. నాకు కన్నడ మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. అదే వెబ్‌సైట్‌లో కన్నడ కాగితం తీసి, మధ్యాహ్న భోజనం వండే మా అక్కను పిలిచాను. ఆమె బళ్లారి వైపు ఏడో తరగతి దాకా చదువుకుంది. అమ్మాయి పేరా చదివింది, కథ కూడా చివరిదాకా చదివింది. ఆ అక్క పిండి చేతులు కొంగుకు తుడుచుకుంటూ, "ఈ పాపకు చదువు రాదని ఎవరన్నారు మేడమ్?" అంది. రెండు లిపులూ ఒకే పాత లిపి నుంచి వచ్చినవి. ఏ అక్షరం దేనికి సమానమో పక్కపక్కన రాసి చూపించాక, ఆ అమ్మాయి నాలుగు వారాల్లో తెలుగు పదాలు దాటేసింది.

ఒకే గడిలో ముగ్గురు, కారణాలు మాత్రం మూడు. అసర్ కాగితం పిల్లవాడు ఎక్కడ ఆగాడో చెబుతుంది. ఎందుకు ఆగాడో చెప్పదు, అందుకోసం చేసిందీ కాదు. కాగితం పట్టుకునే తీరు, వేలు కదిలే తీరు, చదివేటప్పుడు ముఖం మనమే చూడాలి. అందుకే ఎవరికైనా చెప్పేది, గడిలో టిక్కు పెట్టి ఊరుకోకుండా పక్కన ఒక లైన్ రాసుకోండి. నా నోట్‌బుక్‌లో ఎక్కువ పనికొచ్చింది ఆ లైన్లే.

తెలుగుకు సంబంధించి నాకు కనిపించిన వెలితి ఒకటుంది. అక్షరాల తర్వాత నేరుగా పదాలు వస్తాయి. మనకు ఆ రెండింటి మధ్య గుణింతం ఉంది, ఆ తర్వాత ఒత్తులున్నాయి. అక్షరాల దగ్గర ఆగిన తొమ్మిది మందిలో నలుగురికి గుణింతమే రాదు, కొమ్ము ఉంటే ఒకటి, దీర్ఘం ఉంటే ఒకటి అని తెలియదు. ఇద్దరికి గుణింతం వచ్చు, ఒత్తు కనబడితే వదిలేస్తారు. పిల్లిని పిలి అంటారు, రొట్టెని రొటె అంటారు. అందుకని గుణింతాలకు ఒకటి, ఒత్తులకు ఒకటి, రెండు చీటీలు నేనే రాసుకుని మధ్యలో కలిపాను. మ, య పక్కపక్కనా, ప, ష, స పక్కపక్కనా పెట్టాను. పొరపాట్లు ఎక్కువ అక్కడే.

పరీక్ష అయిన వెంటనే తరగతులు పక్కనబెట్టి, స్థాయిని బట్టి మూడు గుంపులు చేశాం. భోజనం బెల్లుకు ముందు రోజూ గంట. ఐదో తరగతి వాడు మూడో తరగతి పిల్లల మధ్య కూర్చోవడానికి మొదట సిగ్గుపడ్డాడు. గుంపులకు అంకెలు కాకుండా సీతాఫలం, రేగు, చింత అని పేర్లు పెట్టాం. అడుగున ఉన్న 12 మందిలో ఎనిమిది మంది ఇప్పుడు ఒక మెట్టు పైకి వచ్చారు.

మా చెల్లెలి కొడుకు టౌన్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో చదువుతాడు. అక్కడ ఫీజు కట్టించుకుని కంప్యూటర్ మీద ఇలాంటి పరీక్షే పెట్టారు. మొత్తం ఇంగ్లిష్‌లో. రంగురంగుల రిపోర్టు ఇచ్చి, పిల్లవాడు చదువులో వీక్ అని రాశారు. ఏ అక్షరం రాదో, ఏ లెక్క రాదో అందులో ఎక్కడా లేదు. మా చెల్లెలు వారం రోజులు టెన్షన్‌తో ఏడ్చింది. వాణ్ణి మా ఇంట్లో కూర్చోబెట్టి ఈ కాగితం ఇస్తే తెలుగు కథ హాయిగా చదివాడు. అసలు చిక్కు తీసివేతలో అప్పు తీసుకోవడం. రెండు ఆదివారాల్లో నేర్చుకున్నాడు.

వాడేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. మిగతా పిల్లలు వింటుండగా చదివించకండి, మా బడిలో వేపచెట్టు కింద విడిగా కూర్చున్నాం. కాగితం గోడకు అంటించకండి, బీరువాలో పెట్టండి. లేకపోతే మా ఐదో తరగతి వాడిలాగే అందరూ నోటికి నేర్చేసుకుంటారు.

ఆ అబ్బాయి ఇంకా అక్షరాల దగ్గరే ఉన్నాడు. గుణింతం ఈ రోజు వస్తే రేపటికి చెదిరిపోతోంది. ఇది కాగితంతో తేలే విషయం కాదు. పిల్లల్లో వైకల్యాలను ముందుగా పసిగట్టడానికి ఎన్‌సీఈఆర్‌టీ 2022లో తెచ్చిన ప్రశస్త్ అనే యాప్‌లో టీచర్లు నింపే ప్రశ్నలున్నాయి, అవి నింపాను. అది కూడా అనుమానం చెప్పేదే, నిర్ధారణ నిపుణులే చేయాలి. చదవడంలో ఇలాంటి ఇబ్బందిని 2016 వికలాంగుల హక్కుల చట్టం కూడా గుర్తించిందని వాళ్లమ్మకు చెప్పాను. "మావోడు మొద్దు కాదు కదా మేడమ్?" అని మూడుసార్లు అడిగింది. కాదని మూడుసార్లూ చెప్పి, వాడు చేసిన భాగహారం చూపించాను. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రం టీచర్ వచ్చే గురువారం వస్తానన్నారు. అంతవరకు వాడికి పాఠాలు నేను చదివి వినిపిస్తున్నాను, జవాబులు నోటితో చెప్పించుకుంటున్నాను.