జార్జియా కొండల్లో జొన్న పాకం: గానుగ దగ్గర కొంటే ఆ రుచే వేరు

అట్లాంటా చుట్టుపక్కల ఉండే మనవాళ్ళు అక్టోబరులో ఆకుల రంగులు చూడటానికి ఉత్తరాన కొండల వైపు వెళ్తుంటారు. అటు బ్లెయిర్స్‌విల్ అనే చిన్న ఊరుంది. అక్కడ ఏటా అక్టోబరులో జొన్న పాకం పండుగ చేస్తారు. ఈసారి ఆ దగ్గర్లోనే ఒక రైతు కుటుంబం దగ్గర ఆగి, గానుగ ఆడటం, పాకం వండటం అంతా చూసి సీసాలు కొనుక్కున్నాను. పింట్ (సుమారు అర లీటరు) సీసా 14 డాలర్లు. ఖరీదు ఎక్కువే, కానీ ఆ పని చూశాక బేరమాడాలని అనిపించలేదు.

ఇది మనం రొట్టె చేసుకునే జొన్నే. కాకపోతే దంటులో రసం, తీపి ఎక్కువగా ఉండే రకం. మా కర్నూలు వైపు పిల్లలు జొన్నచేలో తీపి దంటు ఏదో వెతికి మరీ నమిలేవాళ్ళు, అచ్చం ఆ తీపే. వీళ్ళు వేసేది డేల్ అనే రకం. మే నెలలో విత్తి, గింజ పాలు పోసుకుని పిండి కట్టే దశలో కోస్తారు. కోసే ముందు ఆకు రాల్చి, కంకులు తీసేస్తారు. ఈ పని బద్దకించిన వాళ్ళ పాకంలో ఆకు పసరు వాసన వస్తుంది. గింజలు రసంలో పడితే వాటిలోని గంజి వల్ల పాకం జిగటగా ముద్దకడుతుంది.

గానుగ పోత ఇనుముది, నిలువుగా మూడు రోలర్లు. దాని మీద కొలంబస్, జార్జియా అని ఉబ్బెత్తు అక్షరాలున్నాయి. 1882లో అక్కడ మొదలైన గోల్డెన్స్ ఫౌండ్రీ ఇలాంటి గానుగలు చాలా పోతపోసింది. పైన పొడుగాటి దుంగ, దాని చివర కట్టిన కంచర గాడిద గుండ్రంగా తిరుగుతుంటుంది. దంట్లు పెట్టే మనిషి కింద కూర్చుని, దుంగ తల మీదుగా వెళ్ళిన ప్రతిసారీ వంగుతాడు. పిప్పి ఒక పక్క, పచ్చటి రసం ఇంకో పక్క. రసాన్ని గోనెపట్టాలో వడకట్టి పెనంలోకి వదులుతారు.

అసలు చూడాల్సింది ఆ పెనం. మన బెల్లం వండే చోట గుండ్రటి పెద్ద పెనంలో రసమంతా ఒకేసారి పోసి కాస్తారు కదా. ఇది పొడుగ్గా, లోతు తక్కువగా ఉండి, మధ్యలో అడ్డంగా రేకులు పెట్టి ఉంటుంది. ఒక చివర పచ్చి రసం పోస్తే ఆ రేకుల మధ్య మెలికలు తిరుగుతూ, చిక్కబడుతూ, రెండో చివర పాకమై దిగుతుంది. 1858లో ఒహాయోకు చెందిన డేనియల్ కుక్ ఇలాంటి పెనానికే పేటెంట్ తీసుకున్నాడు. కింద కట్టెల మంట. పైన పచ్చటి మడ్డి తేలుతూనే ఉంటుంది, దాన్ని చిల్లుల గరిటెతో తీస్తూనే ఉండాలి. మేం వెళ్ళినప్పుడు ఒక పెద్దావిడ తీస్తున్నారు, మాట్లాడుతున్నారు గానీ కళ్ళు మాత్రం పెనం మీద నుంచి తిప్పలేదు. చివరి గదిలో బుడగలు కప్ప కళ్ళలా పెద్దవై, నెమ్మదిగా పగులుతుంటే దించేస్తారు. అప్పటికి వేడి సుమారు 108 డిగ్రీల సెల్సియస్. ఎనిమిది నుంచి పన్నెండు గాలన్ల రసం కాస్తే ఒక్క గాలన్ పాకం వస్తుంది. 14 డాలర్లు ఎందుకో ఇక్కడ తెలుస్తుంది.

రుచి సంగతి. వాళ్ళ దగ్గర రెండు వాయిల పాకం ఉంది. తేనె రంగుది తీసుకోండి. మొదట తీపి, వెనకాల చిన్న పులుపు, ఆఖర్న జొన్న వాసన తెలుస్తాయి. నల్లగా ఉన్న వాయి కాస్త ఎక్కువ కాగింది, నాలుక మీద చేదు నిలిచింది. నాకు నచ్చలేదు. ఒక సీసా మూత సరిగ్గా బిగించలేదు, కారు డిక్కీలో కారింది. బిగించి చూసుకుని తెచ్చుకోండి.

ఇక్కడివాళ్ళు వెన్నలో కలిపి వేడి బిస్కెట్లతో (మన బిస్కెట్లు కావు, మెత్తటి చిన్న రొట్టెలు) తింటారు. నేనైతే జొన్నరొట్టె మీద నెయ్యి రాసి ఈ పాకం పోసుకుంటాను, ఇంతకంటే మంచి జత నాకు దొరకలేదు. పెరుగన్నం తిన్నాక ఒక చెంచా నాకినా బాగుంటుంది. పరమాన్నంలో వేసేట్టయితే పొయ్యి ఆపి, కాస్త చల్లారాక కలపాలి, పులుపుంది కాబట్టి పాలు విరుగుతాయి.

మా అక్క అరిసెలకు పంపమంది, వద్దన్నాను. ఇది బెల్లంలా గట్టిపడదు. రసంలో గ్లూకోజ్, ఫ్రక్టోజ్ శాతం ఎక్కువ, పైగా గంజి ఉంటుంది. 1850ల్లో ఈ తీపి జొన్న అమెరికాకు వచ్చింది. అంతర్యుద్ధంలో దక్షిణాది చక్కెర అందక ఉత్తరాది రైతులు కూడా దీన్ని విరివిగా వేశారు. 1880ల్లో వ్యవసాయ శాఖ రసాయన శాస్త్రవేత్త హార్వే వైలీ దీన్నుంచి చక్కెర తీయడానికి ఏళ్ళ తరబడి పరీక్షలు చేయించాడు, కానీ గిట్టుబాటు కాలేదు. అలా ఇది పాకంగానే మిగిలిపోయింది. నా మటుకు అదే మంచిదైంది, ఎందుకంటే రసంలోని చక్కెరను విడదీయకుండా తీపి మొత్తం సీసాలోకి వస్తుంది. చక్కెర ఫ్యాక్టరీలో చక్కెర తీసేశాక మిగిలే మొలాసిస్‌కీ దీనికీ రుచిలో పోలికే లేదు.

సూపర్‌మార్కెట్లో కొనేవాళ్ళు మాత్రం సీసా వెనక్కి తిప్పి చదవండి. ముందు జొన్న బొమ్మ వేసి, లోపల కార్న్ సిరప్ (మొక్కజొన్న పాకం) కలిపినవి ఉన్నాయి. పదార్థాల చోట జొన్న పాకం ఒక్కటే రాసి ఉండాలి. ఇంట్లో ఎండ తగలని చోట మూత బిగించి పెట్టుకోండి. చలికి పలుకు కడితే సీసాను వేడినీళ్ళ గిన్నెలో కాసేపు ఉంచితే కరిగిపోతుంది.

వెళ్ళాలనుకుంటే పొద్దున్నే బయల్దేరండి, కట్టెలు ఎగదోసి పని నడిచేది మధ్యాహ్నం లోపే. మేం ఆగిన చోట కార్డు తీసుకోరు, నగదు పట్టుకెళ్ళండి. పిల్లలుంటే ఒక దంటు ముక్క కోసి చేతిలో పెడతారు, దానికి డబ్బు తీసుకోరు.