వెబ్ మెర్కేటరా, యూటీఎమ్మా, ఈక్వల్ ఏరియానా... కొలతకి ఏది మేలు?

నేను చేసిన తప్పుతోనే మొదలెడతా. 45 డిగ్రీల లాటిట్యూడ్ దగ్గరున్న ఒక సరస్సు, క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో శాటిలైట్ ఇమేజ్ మీద పాలిగన్ (ఒడ్డు చుట్టూ మూసిన గీత) గీసి ఏరియా లెక్కేస్తే అందరూ చెప్పే లెక్కకి డబుల్ వచ్చింది. ఒడ్డు గీత జారిందేమో అని మళ్ళీ గీశా, మళ్ళీ డబులే. ఒకటిన్నర కాదు, రెండుంపావు కాదు, కొలిచినట్టు రెండు రెట్లు! అక్కడే డౌట్ రావాల్సింది నాకు, చేతి తప్పు ఎప్పుడూ అంత నీట్‌గా రాదు కదా. తప్పు గీతలో లేదు, లేయర్ ప్రొజెక్షన్‌లో ఉంది, అంటే గుండ్రటి భూమిని ఫ్లాట్ మ్యాప్‌గా పరిచే పద్ధతిలో, అది వెబ్ మెర్కేటర్.

దీనికి మూలమైన మ్యాప్‌ని 1569లో మెర్కేటర్ అనే మ్యాపులు గీసే ఆయన గీసింది ఓడలు నడిపేవాళ్ళ కోసం. కంపాస్ ఒకే దిక్కుకి పెట్టుకుని పోతే ఆ దారి మ్యాప్ మీద తిన్నటి గీత అవ్వాలి, ఆయనకి కావాల్సింది అదే. గ్లోబు మీద లాంగిట్యూడ్ గీతలన్నీ పోల్ దగ్గర కలుస్తాయి, ఈ మ్యాప్‌లో వాటిని పక్కపక్కన నిలువుగా నిలబెట్టేశారు, దాంతో పైకి పోయేకొద్దీ అడ్డంగా సాగుతుంది, ఆకారం చెడకుండా ఉండాలంటే నిలువుగా కూడా అంతే సాగదీయాలి. ఎంత సాగుతుందంటే, ఒకటిని లాటిట్యూడ్ కొసైన్‌తో భాగిస్తే ఎంతొస్తే అంత, అడ్డంగా నిలువుగా రెండు వైపులా సాగుతుంది కాబట్టి ఏరియా దాని వర్గం. 30 డిగ్రీల దగ్గరే ఏరియా మూడోవంతు ఎక్కువ చూపిస్తుంది, 45 దగ్గర రెండు రెట్లు (నా సరస్సు!), 60 దగ్గర నాలుగు రెట్లు. సుమారు 21.6 లక్షల చదరపు కిలోమీటర్ల గ్రీన్‌లాండ్, 3 కోట్ల పైన ఉన్న ఆఫ్రికా పక్కన సమానంగా కనిపించేది ఇందుకే.

మరి వెబ్ మ్యాపులన్నీ దీన్నే ఎందుకు వాడతాయి అంటే, ఎంత జూమ్ చేసినా వీధి మూల వీధి మూలలానే కనిపిస్తుంది, పైగా 85 డిగ్రీల దగ్గర కోసేస్తే ప్రపంచం మొత్తం ఒక చతురస్రంలో సరిపోతుంది, టైల్స్‌గా ముక్కలు చెయ్యడం ఈజీ. చూడ్డానికి దీనికి మించింది లేదు, నేను తిట్టను. కానీ కొలవడానికి మాత్రం వద్దు. ఏరియానే కాదు, 60 డిగ్రీల దగ్గర ఇందులో 1 కిలోమీటర్ బఫర్ (ఒక చోటు చుట్టూ అంత దూరం గీసే హద్దు) పెడితే నేల మీద అది అర కిలోమీటరే, ఇది చూసుకోకుండా రిపోర్ట్ ఇచ్చేస్తే ఇక అంతే.

యూటీఎమ్ (యూనివర్సల్ ట్రాన్స్‌వర్స్ మెర్కేటర్) కూడా మెర్కేటర్ చుట్టమే, మెర్కేటర్ అంటే భూమి చుట్టూ నిలువుగా చుట్టిన కాగితం సిలిండర్ అనుకోండి, కాకపోతే ఇందులో ఆ సిలిండర్‌ని పక్కకి పడుకోబెట్టి, భూమిని 6 డిగ్రీల చొప్పున 60 జోన్లు చేశారు, అంటే సాగుడు మొదలయ్యే లోపే జోన్ అయిపోతుంది అన్నమాట. జోన్ మధ్య గీత మీద స్కేల్ 0.9996, అంటే కిలోమీటరుకి 40 సెంటీమీటర్లు తక్కువ, అటూ ఇటూ సుమారు 180 కిలోమీటర్ల దగ్గర కరెక్ట్ అవుతుంది, అది దాటితే కొంచెం ఎక్కువ. పొలం, చెరువు, ఊరు లాంటి వాటికి నేను కళ్ళు మూసుకుని ఇదే తీసుకుంటా. చిక్కల్లా మీ పాలిగన్ రెండు జోన్ల మీద పడితేనే, అప్పుడు ఒక జోన్‌లోనే లాక్కుంటూ పోతే తప్పు పెరుగుతూ పోతుంది.

దేశాలు, ఖండాలు, అడవుల విస్తీర్ణం పోల్చాలంటే ఈక్వల్ ఏరియా తప్ప వేరే దారి లేదు. ఇందులో ఏరియా నిక్కచ్చి, ఆకారమే బలి. గాల్-పీటర్స్ అనే ఈక్వల్ ఏరియా మ్యాప్‌లో ఈక్వేటర్ దగ్గర గుండ్రటి సర్కిల్ వెడల్పుకి రెండింతల పొడుగ్గా సాగిపోతుంది, నాకైతే తడిబట్ట ఆరేసినట్టు ఉంటుంది. 2018లో వచ్చిన ఈక్వల్ ఎర్త్ కంటికి చాలా నయం, ప్రపంచ మ్యాప్ అయితే అదే వాడండి. ఒకే ప్రాంతం అయితే లాంబర్ట్ అజిముతల్ అనే ఈక్వల్ ఏరియా ప్రొజెక్షన్‌ని ఆ ప్రాంతం మధ్యలో సెంటర్ చేసుకుంటే ఆకారం కూడా పెద్దగా చెడదు. ఆకారం, ఏరియా రెండూ పర్ఫెక్ట్‌గా ఉండే ఫ్లాట్ మ్యాప్ కోసం వెతకొద్దు, ఉండదని 1827లోనే గణిత శాస్త్రవేత్త గౌస్ లెక్కతో తేలిపోయింది.

దూరాలకి అయితే పై మూడూ వద్దంటా. 60 డిగ్రీల లాటిట్యూడ్ మీద భూమికి అటొకటి ఇటొకటి రెండు పాయింట్లు తీసుకోండి, మెర్కేటర్ మీద అడ్డంగా తిన్నగా పోయే దారి దాదాపు 10,000 కిలోమీటర్లు, పోల్ మీదుగా పోతే 6,700 లోపే. దూరాన్ని ప్రొజెక్షన్ లేకుండా ఎలిప్సాయిడ్ (పోల్స్ దగ్గర కాస్త నొక్కుకున్న గుండ్రటి భూమి ఆకారం) మీదే లెక్కేయాలి, సాఫ్ట్‌వేర్‌లో జియోడెసిక్ అని ఉంటుంది చూడండి.

క్యూజీఐఎస్ వాళ్ళకి ఒక మాట, ఫీల్డ్ కాలిక్యులేటర్‌లో ఏరియాకి రెండు ఫంక్షన్లు ఉంటాయి. బ్రాకెట్లో జామెట్రీ ఇచ్చేది లేయర్ ఏ ప్రొజెక్షన్‌లో ఉంటే దాని ఫ్లాట్ లెక్కే ఇస్తుంది, ముందు డాలర్ గుర్తు ఉన్నది మాత్రం ప్రాజెక్ట్‌లో సెట్ చేసిన ఎలిప్సాయిడ్ ప్రకారం ఇస్తుంది. నేను వాడింది మొదటిది. అదే పాలిగన్‌ని యూటీఎమ్‌లోకి, ఆ తర్వాత లాంబర్ట్‌లోకి మార్చి లెక్కేస్తే రెండిటికీ తేడా 0.1 శాతం కూడా లేదు, సరస్సు మళ్ళీ సరస్సంత అయింది.