బీటీయూ నుంచి ఎర్గు దాకా: గ్నూ యూనిట్స్ ప్రోగ్రాం సమీక్ష

ఏసీలు, బాయిలర్లు, గీజర్లతో పనిచేసేవారు సామర్థ్యాన్ని గంటకు ఇన్ని బీటీయూలనీ (బ్రిటిష్ థర్మల్ యూనిట్లు), ఇన్ని టన్నులనీ, గంటకు ఇన్ని కిలోకెలోరీలనీ చెప్పుకుంటారు. ప్రయోగశాలలో వేడిని కొలిచే కెలోరీమీటరు ముందు కూర్చున్నవారు మైక్రోవాట్లలోనూ, ఖగోళశాస్త్రజ్ఞులు నేటికీ సెకనుకు ఎర్గులలోనూ (ఎర్గు శక్తికి ఒక చిన్న ప్రమాణం) లెక్కలు వేస్తారు. ఈ రెండు లోకాల మధ్య అంకెలను అటూ ఇటూ మార్చడానికి ఇంటర్నెట్‌లో పేజీలు లెక్కలేనన్ని ఉన్నా, నేను నమ్మి వాడేది గ్నూ యూనిట్స్ అనే ఉచిత ప్రోగ్రాంనే. లినక్స్‌లో ప్యాకేజీగా దొరుకుతుంది. బటన్లు, బొమ్మలు ఏమీ ఉండవు. ఆదేశాలను టైపు చేసే టెర్మినల్‌లో తెరవగానే మీ దగ్గర ఉన్నదేమిటని ఒక ప్రశ్న, మీకు కావలసిందేమిటని మరొక ప్రశ్న వేసి జవాబు చెబుతుంది.

మొదటి ప్రశ్నకు గంటకు ఒక బీటీయూ అనీ, రెండవదానికి సెకనుకు ఎర్గు అనీ ఇస్తే 2930710.7 వస్తుంది, అదే పరిమాణానికి వాట్లు అడిగితే 0.29307107 వస్తుంది. ఒక వాటు అంటే సెకనుకు సరిగ్గా కోటి ఎర్గులు కనుక, లక్షలూ కోట్లూ అలవాటైన మనకు ఈ చివరి మెట్టుకు యంత్రం అవసరమే లేదు. ఒకటిన్నర టన్నుల ఏసీ చల్లదనం 5275 వాట్లయితే, అది సెకనుకు 5275 కోట్ల ఎర్గులన్నమాట. కష్టమంతా బీటీయూ నుంచి వాటుకు వచ్చే తొలి మెట్టులోనే ఉంది, ఈ ప్రోగ్రాం విలువ తెలిసేదీ అక్కడే.

బీటీయూ శక్తికి ప్రమాణం, వాటు సామర్థ్యానికి, అంటే సెకనుకు ఎంత శక్తి అన్నదానికి, ప్రమాణం. ఏసీ వ్యాపారంలో మాత్రం గంటకు అనే మాటను మింగేసి 18000 బీటీయూల మెషీన్ అని చెప్పడం మామూలైపోయింది. ఆ మాటను ఉన్నదున్నట్టుగా టైపు చేసి వాట్లు అడిగితే గ్నూ యూనిట్స్ జవాబు ఇవ్వదు. కన్ఫార్మబిలిటీ ఎర్రర్, అంటే ప్రమాణాలు సరిపోలలేదు అని చెప్పి, రెండు పరిమాణాలనూ కిలోగ్రాము, మీటరు, సెకన్లలోకి విడగొట్టి ఒకదాని కింద ఒకటి చూపిస్తుంది. ఒకదానిలో సెకను వర్గం, రెండవదానిలో సెకను ఘనం కనబడగానే ఎక్కడ పొరబడ్డామో తెలిసిపోతుంది. గంటకు అనే మాటను తనంతట తానే ఊహించుకుని అంకెను చేతిలో పెట్టే కన్వర్టర్ కంటే, ఇలా నిరాకరించే ప్రోగ్రాం నాకు ఎక్కువ పనికొస్తుంది.

అయితే దీనితో ఒక చిక్కు ఉంది. తాపన పరిశ్రమలో కేటలాగులు తరచూ గంటను హెచ్ అనే ఒక్క అక్షరంతో సూచిస్తాయి, కానీ ఈ ప్రోగ్రాంలో చిన్న హెచ్ అంటే క్వాంటం భౌతికశాస్త్రంలోని ప్లాంక్ స్థిరాంకం. కేటలాగులో ఉన్నట్టే బీటీయూ గీత హెచ్ అని టైపు చేస్తే, అది ఒక బీటీయూకు సమానమైన 1055 జౌళ్లను 6.626 గుణించు 10 ఘాతం మైనస్ 34 జౌల్ సెకన్లతో భాగించి, సెకనుకు 1.59 గుణించు 10 ఘాతం 36 అనే అర్థంలేని అంకెను తేల్చి, అది వాట్లకు సరిపోలదని చెబుతుంది. గంట అనే ఇంగ్లిష్ మాటను పూర్తిగానో, హెచ్ ఆర్ అనో రాయాలి. అలాగే ఉత్త టన్ను అంటే అది బరువుగానే తీసుకుంటుంది. శీతలీకరణ టన్నుకు టన్‌రెఫ్ అనే వేరే పేరుంది. దాని నిర్వచనం చూడదగినది: 2000 పౌండ్ల మంచు, పౌండుకు 144 బీటీయూల చొప్పున, ఒక రోజులో కరగడానికి కావలసిన వేడి, అంటే గంటకు 12000 బీటీయూలు.

ఇక అసలు సూక్ష్మం బీటీయూ ఒక్కటి కాకపోవడంలో ఉంది. ఇంటర్నేషనల్ టేబుల్ బీటీయూ 1055.056 జౌళ్లు, థర్మోకెమికల్ బీటీయూ 1054.350 జౌళ్లు. గ్నూ యూనిట్స్‌లో రెండింటికీ విడివిడి పేర్లున్నాయి కనుక ఏది కావాలో స్పష్టంగా అడగవచ్చు. ఒకటిన్నర టన్నుల ఏసీ విషయంలో ఈ తేడా మూడున్నర వాట్లు, ఏ మెకానిక్కూ పట్టించుకోడు. అదే తేడాను ఎర్గులలోకి మారిస్తే సెకనుకు మూడున్నర కోట్లని కనబడి కంగారు పుట్టిస్తుంది గానీ, నిష్పత్తి మారదు, 0.067 శాతమే. నాలుగు సార్థక అంకెల వరకు ఫలితం రాయవలసిన ప్రయోగానికి మాత్రం ఇది పక్కన పెట్టగల తేడా కాదు. కెలోరీలలోనూ ఇదే భేదం ఉంది. థర్మోకెమికల్ కెలోరీ తీసుకుంటే సెకనుకు ఒక మైక్రోకెలోరీ 4.184 మైక్రోవాట్లు, అంటే సెకనుకు 41.84 ఎర్గులు. ఏ బీటీయూ, ఏ కెలోరీ వాడారో చెప్పకుండా ఎనిమిది దశాంశ స్థానాల అంకె చూపించే వెబ్ పేజీల మీద నా అభ్యంతరం ఇదే.

రెండవ ప్రశ్న దగ్గర ప్రశ్నార్థకం కొడితే సరిపోలే ప్రమాణాలన్నిటినీ జాబితాగా చూపిస్తుంది. సామర్థ్యం జాబితాలో అశ్వసామర్థ్యంతో పాటు 250 వాట్ల గాడిదసామర్థ్యం కూడా ఉండటం చూసి నవ్వుకున్నాను.

లోపాలు లేకపోలేదు. ప్రమాణాల పేర్లన్నీ ఇంగ్లిష్‌లోనే టైపు చేయాలి. పెద్ద అంకెలను 5.2752793, ఆపై 10 ఘాతం 10 అనే పద్ధతిలోనే చూపిస్తుంది, లక్షలూ కోట్లూగా విడగొట్టదు. మామూలుగా ఎనిమిది సార్థక అంకెలే చూపిస్తుంది కనుక అంతకు మించి కావలసినవారు తెరిచేటప్పుడే ఆ సంగతి చెప్పాలి. ఏసీ కొనేముందు టన్నులను వాట్లలోకి మార్చి చూసుకోవాలనుకునే గృహస్థులకు ఇదంతా అనవసరపు శ్రమ, వారికి 3517తో గుణిస్తే సరిపోతుంది. థర్మోడైనమిక్స్ చదివే ఇంజినీరింగ్ విద్యార్థులకూ, పాత సీజీఎస్ (సెంటీమీటరు, గ్రాము, సెకను) పట్టికలతో పనిచేసే పరిశోధకులకూ మాత్రం దీనిని నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. ఐదింటికి నాలుగున్నర మార్కులు. తగ్గించిన ఆ అర మార్కు హెచ్ అక్షరం ఖాతాలోనిది.